చిన్న తెరచాప పడవకు నిచ్చెన బిగించడం: నీటిలో ఉన్నవాడి వైపు నుంచి

హుస్సేన్ సాగర్ నీటిని దగ్గరగా చూసినవారెవరూ అందులో సరదాకు ఈదాలని కోరుకోరు కాబట్టి, నీటిలోంచి పడవలోకి ఎక్కే నిచ్చెనకు ఉన్న ‘స్విమ్ ల్యాడర్’ అనే పేరు హైదరాబాదులో పడవలు నడిపేవారి చెవికి కొంత వింతగానే తోస్తుంది. అయితే వానాకాలపు గాలి జోరు మీద ఉన్న జూలై సాయంత్రాలలో, తెరచాప ఒక్కసారిగా ఇటునుంచి అటు తిరిగినప్పుడు, పడవలో ఉన్న మనిషి నీటిలో పడడానికి ఎవరి కోరికా అవసరం లేదు. పడినవాడు తిరిగి పడవలోకి ఎక్కడం ఎంత కష్టమో ఒడ్డున కూర్చున్నవారికి ఊహకందదు. తడిసిన బట్టలు, ఛాతీ మీద ఉబ్బుగా ఉండే లైఫ్ జాకెట్టు, చేతికందీ అందని ఎత్తులో పడవ అంచు, ఈ మూడూ కలిస్తే రోజూ వ్యాయామం చేసే మనిషి కూడా రెండు మూడు ప్రయత్నాలకే అలసిపోతాడు. అందువల్ల ఈ నిచ్చెనను ఈతకు సంబంధించిన అలంకారంగా కాక, లైఫ్ జాకెట్టు తరువాత లెక్కించవలసిన రక్షణ సాధనంగా చూడడం మంచిది. దాని ఎంపిక నుంచి చివరి నట్టు దాకా ప్రతి నిర్ణయమూ నీటిలో ఉన్నవాడి చేతికీ కాలికీ అనువుగా ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీదనే తీసుకోవాలి.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నా 19 అడుగుల ఫైబరు పడవకు మొదట బిగించిన నిచ్చెన మూడు మెట్లది, చూడడానికి తళతళలాడేది, కొన్న రోజున పదిమందికి చూపించుకున్నది. ఒక జూలైలో నేనే నీటిలో పడి, ఈదుకుంటూ వచ్చి దానిని పట్టుకున్నాను. మూడు మెట్లలో నీటి కింద ఉన్నది ఒక్కటే, అదీ జానెడు లోతులోనే. ఆ మెట్టు మీద పాదం పెట్టాలంటే మోకాలు గడ్డం దాకా రావాలి, జాకెట్టు దానిని రానివ్వదు. పాదం ఎలాగో ఆనించి లేవబోతే కాళ్లు రెండూ పడవ అడుగుకు జారిపోయి, నేను వెల్లకిలా వేలాడాను. చివరకు మా బావమరిది జాకెట్టు భుజపట్టీలు పట్టుకుని, బస్తాను లాగినట్టు నన్ను లోపలికి లాగాడు. కింద రాసినదంతా ఆ నిచ్చెనను ఊడదీసి రెండవదానిని బిగించిన అనుభవం నుంచి వచ్చినది.

ముందుగా ఒక మినహాయింపు చెప్పాలి. మన చెరువులో పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్, పెద్దలు పోటీలకు వాడే లేజర్ వంటి చిన్న డింగీలకు ఉక్కు నిచ్చెన అవసరం లేదు. అవి బోల్తాపడితే అడుగు నుంచి నీటిలోకి దిగి ఉండే పలక, అంటే డాగర్‌బోర్డు, మీదికి ఎక్కి నిలబెట్టేలా తయారైనవి. పైగా పోటీ పడవకు కొత్త వస్తువు బిగిస్తే ఆ తరగతి నియమాలు ఒప్పుకోకపోవచ్చు, కాబట్టి డ్రిల్లు ఎత్తకముందే కొలతలు చూసే అధికారిని అడగాలి. అలాంటి పడవలలో బరువు తక్కువవారు, పెద్ద వయసువారు ఎక్కడానికి ఇబ్బంది పడుతుంటే, వెడల్పాటి నైలాను పట్టీని ఉచ్చులాగా కుట్టించి, లోపలి కొక్కేనికి తగిలించి నీటిలోకి వదిలితే చాలు. ఈ వ్యాసం 5, 6 మీటర్ల పొడవుండి, కూర్చోవడానికి లోతైన చోటూ, వెనక నిలువు పలకా ఉన్న ఫైబరు పడవల గురించి.

ఎక్కడ బిగించాలి

పడవ పక్కభాగానికి నిచ్చెన తగిలిస్తే రెండు చిక్కులు వస్తాయి. అక్కడ పడవ పొట్ట లోపలికి వంగి ఉంటుంది కాబట్టి నిచ్చెన అడుగుభాగం కిందికి దూరిపోతుంది. మనిషి బరువు ఒకే పక్క పడడంతో పడవ అతని మీదికే ఒరుగుతుంది. అందుకే వెనక పలకే సరైన చోటు. మన తీరప్రాంతపు పాతమాటలో పడవ ముందుభాగం అణియం, వెనకభాగం అమరం. ఆ అమరాన్ని మూసే పలకనే ఇంగ్లీషు వాడుకలో ట్రాన్సమ్ అంటారు.

చిన్న పడవలలో ఈ పలక నడుమ చుక్కాని వేలాడుతుంది కాబట్టి నిచ్చెన ఒక పక్కకు జరగక తప్పదు. ఏ పక్కకు అన్నది ఇంజను నిర్ణయిస్తుంది. పడవ వెనక బయటివైపు తగిలించే చిన్న ఔట్‌బోర్డు మోటారు ఒక వైపు ఉంటే నిచ్చెన తప్పనిసరిగా రెండో వైపే ఉండాలి, మనిషి నీటిలో ఉన్నంతసేపూ ఇంజను ఆగి ఉండాలి. చుక్కానిని ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తిగా తిప్పి చూసి, దాని అంచుకూ నిచ్చెన కాలికీ మధ్య కనీసం బెత్తెడు సందు మిగిలేలా గుర్తు పెట్టుకోవాలి. నిచ్చెనను మడిచినప్పుడు అది ఎక్కడికి వచ్చి నిలుస్తుందో కూడా ఇప్పుడే చూడాలి, ఎందుకంటే పెద్ద తెరచాపను అదుపు చేసే తాడు చాలా పడవలలో ఈ వెనక పలక మీదుగానే తిరుగుతుంది. దిశ మార్చే క్షణంలో ఆ తాడు మడిచిన నిచ్చెన కొమ్ముకు చుట్టుకుంటే, మనిషిని కాపాడడానికి పెట్టిన వస్తువే మనిషిని నీటిలోకి తోసే వస్తువు అవుతుంది. ఒడ్డునే తెరచాప ఎత్తి, తాడును వదులుగా వదిలి, తెరచాప అడుగు అంచున ఉండే అడ్డకర్రను, అంటే బూమ్‌ను, చేత్తో అటూ ఇటూ పదిసార్లు తిప్పి చూడడానికి పావుగంట కూడా పట్టదు.

ఎంత పొడవు ఉండాలి

నిచ్చెన పొడవును ఒడ్డున నిలబడి కంటి అంచనాతో కొనడమే నేను చేసిన మొదటి తప్పు. పడవ నీటిలో ఏ మట్టానికి తేలుతుందో ముందు తెలియాలి. హుస్సేన్ సాగర్‌లో కొన్ని వారాలు ఉంచిన పడవకు ఈ కొలత కోసం వేరే గుర్తు అక్కరలేదు. నీటిమట్టం దగ్గర నల్లని మడ్డి గీత ఒకటి చెరువే గీసి ఇస్తుంది. అయితే ఆ గీతను అలాగే నమ్మకూడదు. మనిషి నీటిలో ఉన్నాడంటే అతని బరువు పడవలో లేదన్నమాట, అప్పుడు అమరం కొద్దిగా పైకి లేస్తుంది. కాబట్టి వెనక ఎవరూ కూర్చోకుండా, ఒక్కరే ముందువైపు ఉండగా నీటిమట్టాన్ని గుర్తించి, అక్కడినుంచి కిందికి కొలవాలి.

ఆ గుర్తు నుంచి అడుగుమెట్టు కనీసం 55 నుంచి 60 సెంటీమీటర్ల లోతుకు దిగాలని నా గట్టి అభిప్రాయం. మెట్టుకూ మెట్టుకూ మధ్య 28, 30 సెంటీమీటర్లు ఉంటే, నీటి కింద రెండు మెట్లు వచ్చినట్టు. అంత లోతున మెట్టు ఉంటే మోకాలు పెద్దగా ఎత్తకుండానే పాదం ఆనుతుంది, శరీరం నిలువుగా లేస్తుంది. చాలా చిన్న పడవలకు ఈ లెక్కన నాలుగు మెట్ల నిచ్చెన అవసరమవుతుంది. మడిచినప్పుడు అది పొడుగ్గా, కొంచెం అందవికారంగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

మెట్ల విషయంలో ఇంకొక మాట. గుండ్రటి గొట్టపు మెట్టు మీద చెప్పులు లేని పాదంతో పూర్తి బరువు మోపడం ఎంత నొప్పో ఒకసారి ఎక్కితే చాలు తెలుస్తుంది. 5, 6 సెంటీమీటర్ల వెడల్పున్న చదునైన మెట్లు, వాటి మీద రబ్బరు లేదా గరుకైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నవి ఎంచుకోవాలి. ఒకదానిలోకి ఒకటి జారే టెలిస్కోపిక్ నిచ్చెనలు చోటు తక్కువ తీసుకుంటాయి గానీ, మన చెరువు బురద ఆ గొట్టాల మధ్య చేరితే, అవసరమైన సమయానికి అవి సగంలోనే బిగుసుకునే ప్రమాదం ఉంది. నడుమ కీలుతో మడిచే రకమే నాకు నచ్చింది.

ఏ ఉక్కు కొనాలి

పడవ సామాను కోసం విదేశాలకు ఆర్డరు పెట్టేవారు పెట్టవచ్చు. నేను మాత్రం రాణీగంజ్‌లో గొట్టాలు, పట్టీలు కొని, బాలానగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో చేయించుకున్నాను. 25 మిల్లీమీటర్ల వ్యాసం, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న స్టెయిన్‌లెస్ గొట్టం ఈ పనికి సరిపోతుంది. ఏ గ్రేడు అన్నదే అసలు ప్రశ్న. మామూలుగా దొరికేది 304. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది; ఉప్పునీటిలో క్లోరైడు వల్ల పడే సన్నని గుంటలను తట్టుకునే శక్తి దానివల్లే వస్తుంది. చెరువుకే పరిమితమైన పడవకు 304 సరిపోతుందని వాదించవచ్చు. అయితే మురుగు కలిసే నీరు మంచినీటితో సమానం కాదు, పైగా ఎప్పుడైనా ట్రెయిలరు మీద పడవను విశాఖ తీసుకువెళ్లాలన్న ఆశ మనకు ఉండనే ఉంటుంది. ఖర్చులో వచ్చే తేడాను ఒకసారి భరించి 316 తీసుకోవడమే నయం.

దుకాణంలో నేను 316 అడిగితే, “సార్, ఇదంతా ఒకటే మాల్, అయస్కాంతం పెట్టి చూస్కోండ్రి” అన్నారు. అయస్కాంతం అంటుకోలేదు. దానితో తేలేదేమీ లేదు. 304, 316 మాత్రమే కాదు, నాసిరకం 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు. పాత ఇనుము వ్యాపారులు వాడే మాలిబ్డినం పరీక్షా ద్రావణం ఒక చుక్క వేయించి రంగు మారుతుందో లేదో చూడడమో, మిల్లు ఇచ్చే పరీక్షా పత్రం అడగడమో చేయాలి. బోల్టులకు, నట్లకు, వాషర్లకు కూడా ఇదే గ్రేడు వర్తిస్తుంది, ఎందుకంటే మంచి నిచ్చెనను నాసి బోల్టు మీద వేలాడదీసి ప్రయోజనం లేదు.

వెల్డింగుకు ఆర్గాన్ వెల్డింగే చేయమని, 316కు తగిన రాడ్డునే వాడమని ముందే చెప్పాలి. అతుకుల దగ్గర ఏర్పడే నీలి, గోధుమ రంగు మచ్చలను అలాగే వదిలేస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ మచ్చలను తొలగించే ఆమ్లపు ముద్ద, పిక్లింగ్ పేస్టు, రాసి కడిగించి, ఆ తరువాతే పాలిష్ పట్టించుకోవాలి.

బోల్టు మీద పడే బరువు

స్క్రూలు చాలవా అని చాలామంది అడుగుతారు. ఒక చిన్న లెక్కతో ఈ సందేహం తీరుతుంది. తడిబట్టలతో కలిపి 80 కిలోల మనిషి మెట్టు మీద నిలబడ్డాడనుకుందాం. మెట్టు వెనక పలక నుంచి 25 సెంటీమీటర్లు బయటకు ఉంది. నిచ్చెన కిందిభాగం రబ్బరు దిమ్మెల మీద పలకకు ఆనుకుని ఉంది. ఆ దిమ్మెలకూ పైన ఉన్న బోల్టులకూ మధ్య దూరం 40 సెంటీమీటర్లు. 80ని 25తో హెచ్చించి 40తో భాగిస్తే 50 వస్తుంది. అంటే మనిషి బరువంతా కిందికి లాగడమే కాక, పై బోల్టులను పలక నుంచి బయటకు పెరికే దిశలో 50 కిలోల బలం పనిచేస్తున్నది, అంతే బలం కింద దిమ్మెల దగ్గర పలకను లోపలికి నొక్కుతున్నది. ఇది మనిషి కదలకుండా నిలబడినప్పటి మాట. అలలకు పడవ ఎగిరిపడుతుండగా అతను కుదుపుతో ఎక్కితే ఈ బలం రెండు మూడు రెట్లు అవుతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల ఫైబరులో పళ్లు కరిచిన స్క్రూ దీనిని కొంతకాలం ఓర్చుకుని, ఒకరోజు పొడితో సహా ఊడివస్తుంది.

కాబట్టి ఆరపార దూసుకుపోయే 8 మిల్లీమీటర్ల బోల్టులు వాడాలి. లోపలివైపు ప్రతి బోల్టుకూ వేర్వేరు వాషరు కాక, అన్నింటినీ కలిపే ఒకే వెనక పట్టీ పెట్టాలి. 4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకు గానీ, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పూత పట్టించిన 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ గానీ పనికివస్తుంది. అది నిచ్చెనను పలకకు పట్టి ఉంచే బయటి బ్రాకెట్ కంటే అన్ని వైపులా కనీసం 3 సెంటీమీటర్లు పెద్దదిగా ఉండాలి, మూలలను ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి. పదునైన మూల ఉంటే ఫైబరు సరిగ్గా ఆ మూల దగ్గరే చిట్లుతుంది.

లోపల చెయ్యి దూరుతుందా అన్నది ఈ దశలోనే చూసుకోవాలి. వెనక అర తెరిచి చెయ్యి పెట్టి నట్టు అందుకోగలిగితే అదృష్టం. అందకపోతే 15 సెంటీమీటర్ల గుండ్రటి ఇన్‌స్పెక్షన్ మూత ఒకటి బిగించుకోవాలి. ఆ గోడ వెనక గాలి నిండిన తేలుడు గది ఉంటే మాత్రం జాగ్రత్త. పడవ బోల్తాపడినప్పుడు మునగకుండా నిలబెట్టేది అదే కాబట్టి, దానికి పెట్టే ప్రతి రంధ్రమూ చుక్క నీరు దూరనంత గట్టిగా మూసుకోవాలి.

రంధ్రాలు

నిచ్చెనను నేరుగా పలకకు ఆనించి గుర్తులు పెట్టకుండా, ముందు బ్రాకెట్ ఆకారాన్ని అట్టముక్క మీద గీసి కత్తిరించి, దానిని మాస్కింగ్ టేపుతో అంటించి రెండడుగులు వెనక్కు జరిగి చూడండి. ట్రెయిలరు మీద ఉన్న పడవ సమంగా ఉండదు. ముందు పడవను రసమట్టంతో సరిచేసుకుని, తరువాత గుండు దారం వేలాడదీసి నిలువు చూసుకోవాలి. వెనక పలక ఏటవాలుగా ఉంటే నిచ్చెన కూడా అదే వాలులో పడవ కిందికి పోకుండా, నిలువుగా గానీ, అడుగు కొద్దిగా బయటకు ఉండేలా గానీ దిమ్మెల పొడవును సవరించుకోవాలి. నా కాళ్లు పడవ అడుగుకు జారిపోవడానికి, మెట్ల కొరతతో పాటు, ఈ వాలును లెక్కలోకి తీసుకోకపోవడమూ కారణమే.

రంధ్రం పెట్టేచోట రెండు పొరల మాస్కింగ్ టేపు అంటించి, మొదట 3 మిల్లీమీటర్ల బిట్టుతో దారి చేయాలి. పెద్ద బిట్టు పట్టినప్పుడు మొదటి కొన్ని క్షణాలు డ్రిల్లును ఉల్టా తిప్పితే పైన ఉండే నున్నని పూత, జెల్‌కోట్, పెచ్చులూడకుండా నునుపుగా అరుగుతుంది. ఆ పొర దాటిన తరువాత మామూలు దిశలో తిప్పాలి. స్టెయిన్‌లెస్ పట్టీకి రంధ్రం పెట్టేటప్పుడు కోబాల్ట్ బిట్టు, తక్కువ వేగం, చుక్కచుక్కగా నూనె, గట్టి ఒత్తిడి కావాలి. వేగంగా తిప్పితే ఆ ఉక్కు రాపిడికి గట్టిపడి బిట్టునే తినేస్తుంది.

మొదటి చిన్న రంధ్రం నుంచి రాలే పొడిని కాగితం మీద పట్టి పరిశీలించడం ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఘట్టం. తెల్లని ఫైబరు పొడి మాత్రమే వస్తే పలక మొత్తం గట్టి ఫైబరు, బతికిపోయినట్టే. తెలుపు తరువాత లేత పసుపు రంపపుపొట్టు లాంటిది వస్తే నడుమ బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంది, అది పొడిగా ఉంది. ముదురు గోధుమరంగులో తడి తడిగా, నానిన టీ పొడిలాగా వచ్చి బిట్టుకు అతుక్కుంటే లోపలి చెక్క కుళ్లిందని అర్థం. అప్పుడు నిచ్చెన పని ఆపి ముందు పలకను బాగుచేయించాలి.

నడుమ పొడిగా ఉన్న చెక్క ఉంటే రంధ్రాన్ని నేరుగా బోల్టు కొలతకు పెట్టకూడదు. లోపలివైపు నుంచి 16 లేదా 18 మిల్లీమీటర్ల బిట్టుతో లోపలి ఫైబరునూ చెక్కనూ తొలిచి, బయటి పొరను మాత్రం అలాగే వదిలేయాలి. ఆ గుంత గోడలకు ముందు పలుచని ఎపాక్సీ పూసి, బయటి చిన్న రంధ్రాన్ని టేపుతో మూసి, తరువాత సిలికా పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీని నింపాలి. నిలువు పలక కాబట్టి ఆ ముద్ద జారిపోకూడదు. చెంచాతో తీసి తలకిందులు చేసినా పడని మీగడ పెరుగు చిక్కదనం సరైనది. ఒకరోజు గట్టిపడనిచ్చి, దాని నడుమ 8.5 మిల్లీమీటర్ల రంధ్రం పెడితే, బోల్టు చుట్టూ ఎపాక్సీ గొట్టం ఏర్పడుతుంది. రేపు నీరు దూరకుండా పూసే సీలెంటు విఫలమైనా నీరు చెక్కను చేరదు, బోల్టు ఎంత బిగించినా పలక నలగదు.

హైదరాబాదు ఎండాకాలం ఈ దశలో పరీక్ష పెడుతుంది. ఎపాక్సీ డబ్బా మీద రాసే సమయం సాధారణంగా 25 డిగ్రీలకు లెక్కించినది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కలిపిన ముద్ద పనికివచ్చే సమయం దాదాపు సగమవుతుంది. మే మధ్యాహ్నం నేను గిన్నెలో కలిపినది, పొగలు కక్కుతూ పుల్లతో సహా రాయిలా బిగుసుకుపోయింది. తెల్లవారుజామున ఆరింటికి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా కలిపి, లోతు గిన్నెలో కాక వెడల్పు పళ్లెంలో పరిచి వాడుకుంటే ఈ బాధ ఉండదు. వానాకాలంలో వేరే చిక్కు: గాలిలో తేమ ఎక్కువైతే గట్టిపడిన ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది. దానిని నీటితో తుడిచి, గరుకు కాగితంతో రుద్దిన తరువాతే తదుపరి పని చేయాలి.

బిగింపు

ముందు సీలెంటు లేకుండా అంతా ఒకసారి బిగించి, నిచ్చెనను మడిచి విప్పి చూసి, మళ్లీ ఊడదీయాలి. రంధ్రాల బయటి అంచును కౌంటర్‌సింక్ బిట్టుతో కొద్దిగా పళ్లెంలా అరగదీస్తే, అక్కడ చేరే సీలెంటు బోల్టు మెడ చుట్టూ ఉంగరంలా నిలుస్తుంది. ఆ చిన్న గాడి లేకపోతే బిగించినప్పుడు సీలెంటు అంతా బయటకు పోయి, లోహమూ ఫైబరూ పొడిగా తాకుతాయి.

సీలెంటుగా స్నానాలగదికి వాడే సిలికాన్ వద్దు. అది వదిలిన జిడ్డు మీద తరువాత రంగూ, మరే సీలెంటూ నిలవవు. బాగా గట్టిగా అతికే శాశ్వత రకం పాలీయురిథేన్ కూడా నేను వాడను, ఎందుకంటే ఏదో ఒకనాడు నిచ్చెన తీయవలసి వస్తే జెల్‌కోట్ ముక్కలతో సహా ఊడి వస్తుంది. మధ్యస్థంగా అతికే పాలీయురిథేన్ గానీ, జిగట రబ్బరులాంటి బ్యూటైల్ టేపు గానీ చాలు. నిచ్చెనను పట్టి ఉంచేది బోల్టులే, సీలెంటు చేయవలసినది నీటిని ఆపడం మాత్రమే. పాలీయురిథేన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది కాబట్టి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలలలో ఆరడానికి డబ్బా మీద రాసినదానికంటే ఎక్కువ రోజులు ఇవ్వాలి.

పలకను అసిటోన్‌తో తుడిచి, బ్రాకెట్ అడుగునా, బోల్టు తల కిందా, మెడ చుట్టూ సీలెంటు పూసి బోల్టులను దూర్చాలి. ఇక్కడ ఇద్దరు మనుషులు తప్పనిసరి. బయట ఉన్నవాడు బోల్టు తలను పానాతో కదలకుండా పట్టుకోవాలి. తిప్పవలసినది లోపల నట్టును మాత్రమే. తల తిరిగితే దాని చుట్టూ ఉన్న సీలెంటు పొర తెగిపోతుంది. అలవాటుకొద్దీ నేను బయటినుంచి తిప్పబోతే, అరలో తలదూర్చి ఉన్న మా బావమరిది, “బావా, నువ్వు తిప్పకు, పట్టుకో చాలు” అని నాలుగుసార్లు అరవవలసి వచ్చింది. స్టెయిన్‌లెస్ నట్టూ బోల్టూ పొడిగా బిగిస్తే మర ఒకదానినొకటి కొరికి ఇరుక్కుపోతాయి, అటు తిరగవు, ఇటు రావు. నట్టు వచ్చే మర చివరకు మాత్రమే కొద్దిగా యాంటీసీజ్ గ్రీజు రాసి, నింపాదిగా తిప్పాలి. లోపల నైలాను ఉంగరం ఉన్న నైలాక్ నట్టు అయితే కుదుపులకు వదులవదు. సీలెంటు చుట్టూ సన్నని పూసలా బయటకు ఉబికితే చాలు, మొత్తం పిండేసేటంత బిగించకూడదు. బ్యూటైల్ టేపు వాడితే మూడు నాలుగు రోజులపాటు రోజుకు కొంత చొప్పున మళ్లీ బిగించుకోవాలి.

కింది రబ్బరు దిమ్మెలు ఆనేచోట పలకను తట్టి చూడండి. బోలుగా మోగితే, లోపలివైపు ఒక ప్లైవుడ్ ముక్కను ఎపాక్సీతో అంటించి బలపరచాలి. లెక్కలో చూసిన 50 కిలోల నొక్కుడు పడేది సరిగ్గా అక్కడే.

నీటిలోంచి అందే తాడు

నిచ్చెనను మడిచి పైన కట్టేస్తే, ఒంటరిగా పడవ నడుపుతూ నీటిలో పడినవాడికి అది లేనట్టే. ఐరోపా సమాఖ్య 2013లో తెచ్చిన వినోద పడవల ఆదేశం కూడా, తిరిగి ఎక్కే సాధనం నీటిలో ఉన్న మనిషికి ఇతరుల సాయం లేకుండా అందేలా లేదా విప్పుకునేలా ఉండాలని చెబుతుంది. దానికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. మడిచిన నిచ్చెనను రబ్బరు తాడుతో కొక్కేనికి తగిలించి, ఆ కొక్కేన్ని లాగే సన్నని దారాన్ని వెనక పలక మీదుగా నీటిమట్టానికి జానెడు పైదాకా వేలాడదీసి, చివర పెద్ద ముడి వేయాలి. ముడి ఎందుకంటే, తడిచేతికి దారం జారుతుంది, ముడి జారదు. ఎరుపో నారింజో రంగు తాడు అయితే మసక వెలుగులోనూ కనిపిస్తుంది.

రెండో అవసరం చేతిపట్టు. నీటి కింద మెట్లు ఎంత బాగున్నా, నడుము దాకా పైకి వచ్చిన మనిషికి ముందుకు వంగి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే అతను చుక్కాని పిడిని పట్టుకుంటాడు, అది తిరిగిపోతుంది. డెక్ మీద, నిచ్చెన తలకు మూరెడు లోపల, ఒక స్టెయిన్‌లెస్ హ్యాండిలును ఇదే పద్ధతిలో, వెనక పట్టీతో సహా బిగించండి.

పరీక్ష

సీలెంటు ఆరిన వెంటనే ట్రెయిలరు మీదనే ఎక్కి చూడాలన్న ఉబలాటం కలుగుతుంది. పడవ వెనక చివర మనిషి బరువు పడితే, ఇరుసు దగ్గర తక్కెడలా తిరిగి, ట్రెయిలరు ముక్కు గాలిలోకి లేస్తుంది. వెనక కింద దిమ్మెలు పేర్చి, ముందుభాగాన్ని కారుకో స్తంభానికో కట్టిన తరువాతే నిచ్చెన మీద కాలు పెట్టాలి. మెల్లగా ఎక్కి, నిలబడి, కొంచెం ఊగి చూసి, లోపలివైపు పట్టీ అంచుల దగ్గర సన్నని చీలికలేమైనా కనిపిస్తున్నాయా అని టార్చిలైటుతో చూడాలి.

నీటి పరీక్ష గాలి లేని ఉదయం, ఒడ్డుకు దగ్గరగా, పక్కన మరొక పడవ ఉండగా చేయాలి. ఈత దుస్తులతో కాదు. పూర్తి బట్టలు, బూట్లు, లైఫ్ జాకెట్టుతో దిగి, ముడిని మీరే లాగి, నిచ్చెనను మీరే దించి ఎక్కాలి. మీ తరువాత పడవ ఎక్కేవారందరిలో బరువైనవారినీ, చేతిబలం తక్కువవారినీ కూడా ఎక్కించి చూడాలి. మన చెరువులో అయితే ఒంటి మీద గాయాలు లేకుండా చూసుకుని, నోరు మూసుకుని దిగి, ఒడ్డుకు రాగానే సబ్బుతో స్నానం చేయాలి. నా రెండో నిచ్చెన మీద ఇలా మా ఇంట్లో వాళ్లందరూ ఎక్కారు. ఎక్కలేకపోయినది మా మామయ్యగారు ఒక్కరే. ఆయన మోకాలు 30 సెంటీమీటర్ల మెట్టుకు లేవలేదు. ఆయన కోసం అడుగుమెట్టుకు ఒక నైలాను పట్టీని ఉచ్చులా కట్టి మరో జానెడు కిందికి వేలాడదీశాను, అది పనిచేసింది.

ఆ తరువాత పని తక్కువే. తిరిగివచ్చినప్పుడల్లా మంచినీటితో కడగాలి, కీళ్లలో చేరిన బురదను పాత టూత్‌బ్రష్‌తో తీయాలి. ఏటా వానాకాలపు గాలులు మొదలుకాకముందు, మే నెలాఖరులో, లోపలి నట్లన్నింటినీ పానా పెట్టి చూసి, ఎండకు పెళుసుబారిన రబ్బరు తాడును మార్చాలి. బోల్టు తల చుట్టూ గోధుమరంగు చార కిందికి కారినట్టు కనిపిస్తే దానిని పైపైన తుడిచి వదిలేయకుండా, ఆ ఒక్క బోల్టునూ తీసి, మెడ దగ్గర గుంటలు పడ్డాయేమో చూసి, కొత్త సీలెంటుతో మళ్లీ బిగించాలి.